గేటు మూయని బ్యాక్టీరియా

ధవళేశ్వరం అనగానే రాష్ట్రమంతటికీ గుర్తొచ్చేది కాటన్ దొర, ఆనకట్ట. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఇంకొకటి కూడా గుర్తొస్తుంది, హార్లిక్స్ ఫ్యాక్టరీ. 1970లలో మొదలైన ఆ ఫ్యాక్టరీ చిరునామాలో ధవళేశ్వరం పేరుంది. హార్లిక్స్ సీసా వెనక చిన్న అక్షరాల్లో విటమిన్ల జాబితా ఉంటుంది. అందులో బి2, బి12, సి కనిపిస్తాయి. ఇవాళ ప్రపంచంలో ఈ మూడు విటమిన్ల తయారీలోనూ సూక్ష్మజీవులదే పెద్ద చెయ్యి. పెద్ద పెద్ద ఉక్కు ట్యాంకుల్లో పంచదార పాకం తాగి, గాలి పీల్చుకుంటూ, రాత్రీ పగలూ వండుతూనే ఉంటాయి. వాటిలో చాలా భాగం ఆరోగ్యంగా పుట్టిన జీవులు కావు. జన్యువుల్లో ఎక్కడో ఒక అక్షరం తప్పిపోయినవి. ఆ తప్పు మనకు పనికొస్తుందని కనిపెట్టి, లక్షల్లోంచి ఒకదాన్ని ఏరి, బిడ్డను సాకినట్టు సాకినవి. శాస్త్రజ్ఞులు వాటిని మ్యూటెంట్లు అంటారు.

గోదావరి డెల్టాలో కోడిగుడ్డు నుంచి వరిచేను దాకా, షుగరు మాత్ర నుంచి టీబీ మందు దాకా వీటి చెయ్యి పడని చోటు వెతకడం కష్టం. పైగా ఈ కథలో ఒక పెద్ద పాత్ర మన భీమవరం బిడ్డదే.

ముందు గేటు సంగతి

బ్యాక్టీరియా పరమ పొదుపరి. తనకెంత కావాలో అంతే చేసుకుంటుంది, ఒక్క రవ్వ ఎక్కువ చెయ్యదు. అదెలాగో డెల్టావాళ్లకు చెప్పడం తేలిక. కాలువలో నీళ్లు చాలినన్ని ఉంటే హెడ్ స్లూయిస్ దగ్గర గేటు దించేస్తారు, తగ్గితే ఎత్తుతారు. బ్యాక్టీరియా లోపల కూడా ప్రతి పదార్థం తయారీకీ మొదట్లో ఒక ఎంజైము ఉంటుంది. చివర తయారైన పదార్థమే వెనక్కి వచ్చి ఆ ఎంజైముకు అతుక్కుని గేటు దించేస్తుంది. అందుకే అడవిలో, మట్టిలో దొరికిన బ్యాక్టీరియాని తెచ్చి ట్యాంకులో వేస్తే వ్యాపారానికి సరిపడా సరుకు రాదు. గేటు బిగుసుకుపోయి కిందికి దిగని బ్యాక్టీరియా కావాలి. అలాంటిది మట్టిలో బతకలేదు, ఉన్నదంతా ఒక్క పనికే తగలేసి పక్కవాటి చేతిలో ఓడిపోతుంది. మనిషి కాపలా ఉన్న ట్యాంకులో మాత్రం అదే మహారాణి.

గుడ్డు వెనక లైసిన్

అనపర్తి, తణుకు వైపు వెళితే కోళ్లఫారాలు బారులు తీరి ఉంటాయి. కోడి దాణాలో ముఖ్యంగా మొక్కజొన్న, సోయా పిండి. మొక్కజొన్నలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. అది తగ్గితే మిగతా మాంసకృత్తులు ఎంత పెట్టినా కోడి పెరుగుదల అక్కడే ఆగుతుంది. అందుకే దాణా కలిపేటప్పుడు లైసిన్ పొడి విడిగా వేస్తారు. రొయ్యల మేతలోనూ వేస్తారు. ఏటా ప్రపంచంలో ఇరవై లక్షల టన్నులకు పైగా తయారయ్యే ఈ పొడి అంతా పులియబెట్టి తీసిందే.

దీని మూలం జపాన్‌లో ఉంది. 1950ల నడుమ క్యోవా హక్కో కంపెనీలో కినోషితా షుకువో బృందం మట్టి నమూనాలు వెతుకుతూ గ్లుటామిక్ ఆమ్లాన్ని బయటికి కక్కే ఒక బ్యాక్టీరియాని పట్టుకుంది. అది దొరికింది టోక్యోలోని ఉయెనో జంతుప్రదర్శనశాల మట్టిలో. ఇవాళ దాని పేరు కొరినీబ్యాక్టీరియం గ్లుటామికం. అంతకుముందు గ్లుటామిక్ ఆమ్లంతో చేసే అజినోమోటో పొడి కోసం గోధుమ జిగురును ఆమ్లంలో ఉడికించి తీసేవారు. ఈ బ్యాక్టీరియా వచ్చాక ఆ పద్ధతి మూలపడింది.

ఏడాది రెండేళ్లలోనే అదే బృందం ఆ బ్యాక్టీరియా మ్యూటెంట్‌తో లైసిన్ చేయించింది. ఎలా చేయించారో చూస్తే ముచ్చటేస్తుంది. లైసిన్ దారిలో మొదటి గేటు మూతపడాలంటే లైసిన్ ఒక్కటే వస్తే చాలదు, త్రియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం కూడా తోడు రావాలి. రెండు తాళాలూ పడితేనే మూత. వాళ్లు ఏరిన మ్యూటెంట్‌కు హోమోసెరిన్ చేసుకునే శక్తి పోయింది. హోమోసెరిన్ లేకపోతే త్రియోనిన్ లేదు. బతకడానికి సరిపడా కొంచెం బయటి నుంచి పెడతారు, గేటు మూసేంత మాత్రం పెట్టరు. ఇంకేముంది, రెండో తాళం పడదు, లైసిన్ పారుతూనే ఉంటుంది. ఆ బ్యాక్టీరియాకు అది అంగవైకల్యం. కోటానుకోట్ల కోళ్లకు అదే తిండి.

తణుకు మొలాసిస్‌తో వచ్చిన చిక్కు

ఇలాంటి పరిశ్రమలకు చవకైన ముడిసరుకు చక్కెర మిల్లుల మొలాసిస్. మన డెల్టాలో తణుకు ఆంధ్ర షుగర్స్ 1947లో పుట్టింది. చెరకు మిల్లుతో మొదలై ఆల్కహాలు, ఆస్పిరిన్, చివరికి ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం దాకా చేసిన కంపెనీ. అక్కడి మొలాసిస్‌ని ఆల్కహాలుగా మార్చేది ఈస్టు, దానికి ఏ పేచీ లేదు. గ్లుటామిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియాతోనే పేచీ. బయోటిన్ అనే విటమిన్ కడుపునిండా దొరికితే అది గ్లుటామిక్ ఆమ్లాన్ని బయటికి వదలదు. బయోటిన్ కొరత ఉన్నప్పుడే దాని పైపొర పలచబడి సరుకు బయటికి కారుతుంది. మొలాసిస్‌లో బయోటిన్ పుష్కలం. అందుకని మొలాసిస్ వాడేచోట సరిగ్గా సమయం చూసి ట్యాంకులో కొంచెం పెనిసిలిన్ వేస్తారు. బ్యాక్టీరియాని చంపే మందుతోనే, చావనంత మేర గోడ బలహీనపరచి, సరుకు పిండుకుంటారన్నమాట.

లక్షల్లో ఒకదాన్ని పట్టేదెలా?

ఈ విద్యలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది వెతుకులాట. అతినీలలోహిత దీపం కింద బ్యాక్టీరియాని పెడితే నూటికి తొంభైతొమ్మిది పైగా చచ్చిపోతాయి. మిగిలినవాటిలో కొన్నింటికి జన్యువు ఎక్కడో తప్పుతుంది. ఆ తప్పు మనకు కావలసిన చోటే పడటం అరుదు. దాన్ని గుర్తుపట్టడానికి 1952లో అమెరికాలో జాషువా లెడర్‌బర్గ్, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు ఒక పద్ధతి చెప్పారు. దానికి కావలసింది ఒక మఖమలు గుడ్డ. గుండ్రటి దిమ్మ మీద శుభ్రం చేసిన మఖమలు బిగిస్తారు. బ్యాక్టీరియా చుక్కలు చుక్కలుగా మొలిచిన పళ్లేన్ని దాని మీద బోర్లించి మెల్లిగా ఒత్తుతారు. మఖమలు నూగుకు ప్రతి చుక్క నుంచీ కొన్ని కణాలు అంటుకుంటాయి, ఎక్కడివి అక్కడే. ఆ గుడ్డ మీద ఇప్పుడు రెండు కొత్త పళ్లేలు ఒకదాని తర్వాత ఒకటి ఒత్తుతారు. ఒకదానిలో అన్ని పోషకాలూ ఉంటాయి, రెండోదానిలో ఒక పోషకం తీసేస్తారు. మర్నాడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటి పళ్లెంలో ఉండి రెండోదానిలో లేని చుక్క ఏదో అదే మనకు కావలసిన లోపమున్న బ్యాక్టీరియా. ఖరీదైన యంత్రం ఏదీ లేదు. గుడ్డ, ఓపిక, చూసే కన్ను చాలు. మన డిగ్రీ కాలేజీ ల్యాబులో కూడా ఇది చేసి చూపించొచ్చు.

ఇంకో ఎత్తుగడ ఉంది, అది మోసంతో కూడుకున్నది. లైసిన్‌లాగే కనిపించే నకిలీ లైసిన్ ఒకటి తయారుచేసి బ్యాక్టీరియాకు పెడతారు. మామూలు బ్యాక్టీరియా అది నిజమే అనుకుని గేటు మూసేస్తుంది, అసలు లైసిన్ లేక చచ్చిపోతుంది. గేటు తాళం చెడినది మాత్రం ఆ మోసానికి లొంగదు, బతికి బట్టకడుతుంది. బతికినదాన్ని పట్టుకుంటే చాలు. విటమిన్ బి2 కోసం బాసిల్లస్ సటిలిస్ జాతిని ఎంపిక చేసిందీ ఇలాగే, రోజియోఫ్లేవిన్ అనే నకిలీ బి2 పెట్టి. బి-కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు మూత్రం పచ్చగా వస్తే కంగారు పడేవాళ్లున్నారు. ఆ పసుపు బి2దే, ఒంటికి కావలసినంత పోగా మిగిలింది బయటికి పోతోంది, అంతే.

ఇలా దశాబ్దాల పాటు దెబ్బ మీద దెబ్బ కొట్టి పెంచిన లైసిన్ మ్యూటెంట్లలో పనికొచ్చే తప్పులతో పాటు పనికిరాని తప్పులు కూడా వందల్లో పేరుకుపోయాయి. ఆ జీవి బలహీనపడి నెమ్మదిగా పెరిగేది. 2002లో జపాన్ శాస్త్రజ్ఞులు జన్యుపటం చదివి, వాటిలో అసలు పనికొచ్చే తప్పులు మూడింటిని మాత్రం ఏరి, ఆరోగ్యంగా ఉన్న మూల జాతిలో పెట్టారు. అది 27 గంటల్లో లీటరుకు 80 గ్రాముల దాకా లైసిన్ ఇచ్చింది.

బి12 సంగతి

మొక్క చెయ్యలేదు, జంతువు చెయ్యలేదు. భూమ్మీద విటమిన్ బి12 తయారుచేయగలిగినవి బ్యాక్టీరియా, వాటి దగ్గరి చుట్టాలే. దీన్ని ప్రయోగశాలలో రసాయనాలతో కట్టాలని వుడ్‌వర్డ్, ఎషెన్‌మోజర్ అనే ఇద్దరు దిగ్గజాలు పూనుకుని, దాదాపు వందమంది సహాయకులతో, పదేళ్లకు పైగా శ్రమించి 1972లో సాధించారు. డెబ్బై పైచిలుకు మెట్లు. విజ్ఞానానికి అది మహత్తర విజయమే గానీ, మాత్ర చెయ్యడానికి ఆ దారి పనికిరాదు. సూడోమోనాస్ డీనైట్రిఫికాన్స్ మ్యూటెంట్లు, ప్రొపియోనిబ్యాక్టీరియం జాతులు ట్యాంకులో కొద్ది రోజుల్లో ఆ పని చేసిపెడతాయి. చేప, గుడ్డు ముట్టని శాకాహారికి డాక్టరు రాసే బి12 ఇంజెక్షన్ అక్కడి నుంచి వచ్చిందే.

సి విటమిన్‌ది మరో తీరు. గ్లూకోజు నుంచి తీసిన సార్బిటాల్‌ని ఒక బ్యాక్టీరియా సగం మారుస్తుంది. మిగతా సగం మార్చే బ్యాక్టీరియా ఒంటరిగా సరిగా పెరగదు, పక్కన బాసిల్లస్ మెగటీరియం తోడుండాలి. ఈ జంటసేద్యాన్ని 1970లలో చైనా శాస్త్రజ్ఞులు కనిపెట్టారు.

ఇడ్లీపిండి, చెరకు రసం, ఆసుపత్రి సెలైను

ఇడ్లీపిండి పొంగడానికి ముఖ్య కారణం ల్యూకోనాస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బ్యాక్టీరియా. వంటింట్లో మిత్రుడు. అదే బ్యాక్టీరియా చెరకు మిల్లుకు శత్రువు. కొట్టిన చెరకు రెండు మూడు రోజులు ఎండలో పడి ఉంటే దాంట్లో చేరి, చక్కెరను డెక్స్‌ట్రాన్ అనే బంకగా మార్చేస్తుంది. రసం జిగటగా తయారై వడపోత సాగదు, పంచదార స్ఫటికాలు సరిగా కట్టవు. చెరకు కొట్టిన వెంటనే మిల్లుకు చేర్చమని రైతుల వెంటపడేది ఇందుకే.

ఇప్పుడు ఆసుపత్రికి వెళ్దాం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలోని పియోరియాలో ఆలీన్ జీన్స్ అనే రసాయన శాస్త్రవేత్త దగ్గరికి జిగటగా మారిపోయిన తీపి పానీయం సీసా ఒకటి వచ్చింది. అందులోనూ ఉన్నది ఈ ల్యూకోనాస్టాకే. దాని డెక్స్‌ట్రాన్‌ని సరైన పొడవు ముక్కలుగా చేస్తే, రక్తం పోయినవాడికి తాత్కాలికంగా రక్తనాళాలు నింపే ద్రవంగా పనికొస్తుందని తేలింది. కొరియా యుద్ధంలో సైనికులకు ఎక్కించారు. తీవ్రమైన రక్తహీనతకు ఇచ్చే ఐరన్ డెక్స్‌ట్రాన్ ఇంజెక్షన్‌లో ఇనుమును పట్టి ఉంచేది కూడా ఆ బంకే.

ఆలీన్ జీన్స్ బృందం చేతి మీదుగానే ఇంకొక బంక బయటికొచ్చింది, శాంథన్ గమ్. క్యాబేజీకి నల్లకుళ్లు తెచ్చే శాంథోమోనాస్ కాంపెస్ట్రిస్ దాన్ని చేస్తుంది. దాని దాయాది శాంథోమోనాస్ ఒరైజే మన వరి రైతుకు బాగా తెలుసు, బ్యాక్టీరియా ఎండాకు తెగులు దానివల్లే. క్యాబేజీ తెగులు క్రిమి ఇచ్చిన బంకను టమాటా సాసు, గుడ్డు లేని కేకు, ఐస్‌క్రీముల్లో చిక్కదనానికి వేస్తారు. చమురు బావులు తవ్వేటప్పుడు డ్రిల్లింగ్ మడ్‌లోనూ కలుపుతారు, రాతి ముక్కలు అడుగున కూర్చోకుండా పైకి తేలి రావడానికి.

పాముపొడ తెగులు మందుకీ షుగరు మాత్రకీ చుట్టరికం

ఈ విశేషం చెప్పినప్పుడు నమ్మనివాళ్లు చాలామంది. ఖరీఫ్‌లో చేను గుబురుగా పెరిగి, గాలి ఆడక, మబ్బు పట్టి ఉంటే వరి పొట్టాకు మీద పాము చర్మంలాంటి మచ్చలు పడతాయి. పాముపొడ తెగులు. రైతు కొట్టుకెళ్లి వాలిడామైసిన్ తెచ్చుకుంటాడు, లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు కలిపి దుబ్బు అడుగు తడిసేలా కొడతాడు. ఆ మందు ఏ రసాయన కర్మాగారంలోనూ పుట్టలేదు. జపాన్‌లో టకేడా కంపెనీ మట్టిలోంచి తీసిన స్ట్రెప్టోమైసిస్ హైగ్రోస్కోపికస్ అనే బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఇస్తుంది. తెగులు బూజు తన దాచుకున్న చక్కెరను విరుచుకు తినడానికి వాడే ఎంజైమును వాలిడామైసిన్ అడ్డుకుంటుంది. బూజు ఆకలితో వంకర్లు తిరిగి ఆగిపోతుంది.

అదే బ్యాక్టీరియా వాలియోలమైన్ అనే పదార్థం కూడా ఇస్తుంది. దాన్ని చిన్న మార్పుతో వోగ్లిబోస్‌గా చేశారు. షుగరు ఉన్నవాళ్లు అన్నం తినబోయే ముందు వేసుకునే మాత్ర అది. మన పేగులో పిండిపదార్థాన్ని చక్కెరగా విరిచే ఎంజైములను అది నెమ్మదింపజేస్తుంది. పొలంలో బూజుకూ, ఇంట్లో షుగరు రోగికీ ఒకే కిటుకు: చక్కెరను విరిచే ఎంజైముకు అడ్డం పడటం. తెల్లన్నం మూడు పూటలా తినే డెల్టాలో ఆ మాత్ర ఎంతమంది మందుల డబ్బాలో ఉందో వైద్యులకు తెలుసు.

అగ్గితెగులుకు కొట్టే కాసుగామైసిన్‌కూ ఇలాంటి పుట్టుకే. దాన్నిచ్చే బ్యాక్టీరియా జపాన్‌లోని నారా నగరంలో కాసుగా ఆలయం మట్టిలో దొరికింది. ఉమెజవా అనే శాస్త్రజ్ఞుడి బృందం 1965లో లోకానికి చెప్పింది.

బోదకాలు, టీబీ

డెల్టాలో బోదకాలు తరతరాల శాపం. రాత్రిపూట ఇళ్లకొచ్చి రక్తం చుక్క తీసుకెళ్లే ఆరోగ్య సిబ్బంది పెద్దవాళ్లందరికీ జ్ఞాపకమే. పాత డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలకు తోడు ఐవర్‌మెక్టిన్ కలిపి మూడు మందులూ ఒకేసారి మింగించే పద్ధతి మన దేశంలో 2018 నుంచి మొదలైంది. ఐవర్‌మెక్టిన్‌కు మూలం స్ట్రెప్టోమైసిస్ అవర్‌మిటిలిస్. జపాన్‌లో ఒక గోల్ఫ్ మైదానం దగ్గరి మట్టి నుంచి సతోషి ఓమురా దాన్ని వేరుచేశారు, 2015లో నోబెల్ వచ్చింది. మొదట దొరికిన జాతి లీటరుకు 9 మిల్లీగ్రాముల మందు మాత్రమే ఇచ్చింది. మేత మార్చి, అతినీలలోహిత కాంతితో మ్యూటెంట్లు ఏరి దాన్ని 500 మిల్లీగ్రాములకు తెచ్చారు. ఆ పెంపు లేకపోతే కోట్లమందికి ఉచితంగా పంచే మాట కలలో కూడా ఉండేది కాదు.

ఈ జీవి మ్యూటెంట్ ఒకటి తన మందు తయారీకి కావలసిన మొదటి ముక్కను చేసుకోలేదు. శాస్త్రజ్ఞులు దానికి ప్రకృతి ఇవ్వని ఇంకో ముక్క పెట్టారు. అది దాన్నే పట్టుకుని కొత్త మందు కట్టేసింది. పశువుల పరాన్నజీవులకు వాడే డోరామెక్టిన్ అలా పుట్టింది. లోపాన్ని ఖాళీ జాగాగా చూసి, అందులో తమకు కావలసింది పెట్టడం అసాధారణమైన ఆలోచన.

టీబీ మందు వేసుకుంటే మూత్రం నారింజ రంగులోకి తిరుగుతుంది. అది రిఫాంపిసిన్. ఫ్రాన్సు తీరంలోని పైన్ తోపు మట్టి నుంచి ఇటలీవాళ్లు 1957లో తీసిన బ్యాక్టీరియా దాని ముడిరూపాన్ని పులియబెట్టి ఇస్తుంది. మాత్రగా మార్చేది రసాయన శాస్త్రం.

భీమవరం బిడ్డ, మిసోరీ మట్టి

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో బడికెళ్లి, మద్రాసులో వైద్యం చదివి, 1922లో బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రజ్ఞుడితో కలిసి చేసిన పని, కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల సంగతి, జీవరసాయన పుస్తకాల్లో ఉంది. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు, త్వరలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

ఆయన మనసులో స్ప్రూ అనే రోగం గుచ్చుకుని ఉండేది. సొంత సోదరుణ్ణి పొట్టనబెట్టుకున్న రోగమది. పేగులు పోషకాలు పీల్చుకోలేక, రక్తం పలచబడి మనిషి కరిగిపోతాడు. దానికి విరుగుడు కాలేయంలో ఉందని తెలుసు, కానీ కాలేయం నుంచి తీస్తే చిటికెడు రావడమే గగనం. 1944లో లెడర్లీలో ఆయన బృందం ఒక కొరినీబ్యాక్టీరియం పెంచిన ద్రవం నుంచి ఆ పదార్థానికి దగ్గరి రూపాన్ని వేరుచేసింది. పైన చెప్పిన లైసిన్ బ్యాక్టీరియాది కూడా ఆ ప్రజాతే. కాలేయంలో దొరికేదానికి ఒక తోక ఉంటే, బ్యాక్టీరియా ఇచ్చినదానికి మూడు తోకలు. రెండింటినీ పోల్చి చూసి అణువు నిర్మాణం విప్పారు, 1945లో ప్రయోగశాలలో కట్టారు. అదే ఫోలిక్ ఆమ్లం. ఇవాళ గర్భిణికి అంగన్‌వాడీలో ఇచ్చే ఎర్రమాత్రలో ఇనుముతో పాటు ఉండేది అదే. దాన్ని కొద్దిగా మార్చి చేసిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1948లో పిల్లల ల్యుకేమియాను తాత్కాలికంగానైనా తగ్గించి చూపించారు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ కీళ్లవాతం వాళ్లకు వారానికోసారి వేసే మాత్ర.

అదే సమయంలో బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుణ్ణి లెడర్లీ పనిలో పెట్టుకుంది. ఎక్కడెక్కడి మట్టో తెప్పించి పరీక్షించడం ఆయన పని. మిసోరీ విశ్వవిద్యాలయంలోని సాన్‌బోర్న్ పొలం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు బ్యాక్టీరియా ఒకటి 1945లో కనిపించింది. ఏ-377 అని నంబరు వేశారు. దాని నుంచి ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ కుటుంబంలో పెద్దది. 1948 జులైలో లోకానికి ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. యాభై నాలుగో ఏట. ఆయన పేరు మీద ఒక బూజుకు సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు.

కథ అక్కడితో ఆగలేదు. ఏ-377 సంతతిని లెడర్లీలో మళ్లీ మళ్లీ మ్యూటెంట్లుగా మార్చారు. వాటిలో ఎస్-604 అనే ఒకదానికి అణువు మీద ఒక మిథైల్ గుంపును అంటించే శక్తి పోయింది. అది తీసిన అసంపూర్ణ మందు 1957లో బయటపడింది. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ చిన్న లోటు వల్ల మందు ఆమ్లంలో పాడవకుండా మరింత గట్టిగా నిలిచింది. డెమెక్లోసైక్లిన్ అలా వచ్చింది. దానిలాంటి మిథైల్ లేని అణువునే పునాదిగా తీసుకుని రసాయన శాస్త్రజ్ఞులు మినోసైక్లిన్ కట్టారు. మొటిమలకూ, అవసరమైనప్పుడు కుష్ఠు చికిత్సలోనూ అది వాడుకలో ఉంది. సుబ్బారావు పోయిన తర్వాతి సంగతే గానీ, ఆ మట్టి వెతుకులాటకు జీవం పోసిన ప్రయోగశాల ఆయన నడిపినదే.

అదే లెడర్లీ నుంచి రొయ్యల చెరువు దాకా

ఆ ప్రయోగశాల నుంచే ఇంకొకటి కూడా వచ్చింది, దాని గురించి డెల్టాలో పెద్ద గొంతుతో చెప్పాలి. స్టాక్‌స్టాడ్, జ్యూక్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని బి12 కోసం కోడిపిల్లలకు పెట్టారు. పిల్లలు ఊహించినదానికంటే ఏపుగా పెరిగాయి. కారణం బి12 ఒక్కటే కాదు, పిప్పిలో మిగిలిన యాంటీబయాటిక్. 1950లో ఈ వార్త బయటికొచ్చాక ప్రపంచమంతా దాణాలో యాంటీబయాటిక్ కలపడం మొదలైంది. రోగం లేకపోయినా రోజూ కొద్దికొద్దిగా మందు తగిలితే, మందుకు లొంగని మ్యూటెంట్లను మనమే ఏరి పెంచినట్టు. ట్యాంకులో శాస్త్రజ్ఞుడు చేసే పనే, ఇక్కడ కోళ్లఫారంలో, రొయ్యల చెరువులో అడ్డూ అదుపూ లేకుండా జరుగుతుంది.

మన దేశం 2019లో కొలిస్టిన్‌ని పశువులు, కోళ్లు, చేపల మేతలో వాడకుండా నిషేధించింది. ఐసీయూలో ఏ మందూ పనిచెయ్యని రోగికి చివర్లో ఎక్కించే మందుల్లో అదొకటి, అదీ పులియబెట్టి తీసిందే. రొయ్యల సాగులో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్లు నిషేధం. అవశేషాలు దొరికి ఎగుమతి సరుకు వెనక్కొస్తే ఎంత నష్టమో భీమవరం వైపు రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అంతకంటే పెద్ద నష్టం మందు పనిచెయ్యకుండా పోవడం. మందుల కొట్టులో అడిగి రెండు మాత్రలు కొనుక్కుని మూడో రోజుకు మానేసే అలవాటు కూడా ఇందులో భాగమే.

తొందరపాటుకు ఒక హెచ్చరిక కూడా ఉంది. 1989లో అమెరికాలో ట్రిప్టోఫాన్ మాత్రలు వేసుకున్న 1500 మందికి పైగా కండరాల నొప్పులతో జబ్బుపడ్డారు, ముప్పై మందికి పైగా చనిపోయారు. ఆ సరుకు జపాన్‌లో ఒకే కంపెనీది. ఎక్కువ దిగుబడినిచ్చే కొత్త జాతి బ్యాక్టీరియాని పెట్టి, అదే సమయంలో శుద్ధి చేసే బొగ్గుపొడిని తగ్గించారు. కలుషితం ఎక్కడ వచ్చిందో వేలెత్తి చూపడం కష్టమైంది, ఎందుకంటే రెండు మార్పులూ ఒకేసారి చేశారు.

విశాఖ, కాకినాడ

ఈ విద్య మనవాళ్లకు కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫార్మసీ విభాగంలో ఆచార్య పి. ఎల్లయ్య బృందం బంగాళాఖాతం అడుగు బురద నుంచి స్ట్రెప్టోమైసిస్ మెరైనెన్సిస్ అనే బ్యాక్టీరియాని వేరుచేసింది. అది నియోమైసిన్ ఇస్తుంది, కోతలకూ పుండ్లకూ రాసే ఆయింట్‌మెంట్లలో ఉండే యాంటీబయాటిక్. అతినీలలోహిత కాంతితో దాని మ్యూటెంట్లు తయారుచేసి దిగుబడి పెంచే పని కూడా అక్కడే చేశారు.

కాకినాడ దగ్గర తొండంగి మండలంలో అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ లైఫియస్ పెనిసిలిన్-జి ఫ్యాక్టరీ 2024లో మొదలైంది. ఏటా 15,000 టన్నుల సామర్థ్యం. పెనిసిలిన్ చేసేది బూజు, బ్యాక్టీరియా కాదు. కానీ దాని చరిత్ర కూడా మ్యూటెంట్ల చరిత్రే. 1943లో పియోరియా బజారులో దొరికిన కుళ్లిన ఖర్బూజా మీది బూజును ఎక్స్‌రేలతో, అతినీలలోహిత కాంతితో మెట్టు మెట్టుగా మార్చుకుంటూ వచ్చారు. మన దేశంలో 1990ల తర్వాత పెనిసిలిన్-జి తయారీ చాలావరకు మూతపడి, చైనా మీద ఆధారపడ్డాం. ట్యాంకులు, పైపులు, కరెంటు డబ్బుతో వస్తాయి. మంచి జాతి మాత్రం దశాబ్దాల ఏరివేత ఫలం.

ఆ జాతిని నిలబెట్టుకోవడం ఇంకో పని. మ్యూటెంట్ తరం మారేకొద్దీ వెనక్కి, తన పాత పొదుపు స్వభావంలోకి జారుతుంటుంది. గేటు బాగైన కణం వేగంగా పెరిగి మిగతావాటిని తొక్కేస్తుంది. అందుకే ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు విత్తనం తియ్యరు. ఎండబెట్టి గాజు గొట్టాల్లో మూసినవో, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులో దాచినవో తీసి ప్రతిసారీ మొదటి నుంచి పెంచుతారు. దేశంలో ఇలాంటి జాతుల భాండాగారాలున్నాయి. చండీగఢ్‌లో 1986లో మొదలైన ఎంటీసీసీ, పుణెలో ఎన్‌సీఐఎం. కాలేజీ తరఫున ఉత్తరం రాసి రుసుము కడితే కొరినీబ్యాక్టీరియం గ్లుటామికం గొట్టం పంపిస్తారు. మైక్రోబయాలజీ చెప్పే మన డెల్టా కాలేజీలు అది తెప్పించి, మఖమలు గుడ్డతో పిల్లల చేత ఒక మ్యూటెంట్‌ని పట్టించొచ్చు.